కొత్త బోర్డుకు కరెంటిచ్చిన రోజు

చర్లపల్లి పారిశ్రామికవాడలో ఒక షెడ్డు మీద వేసిన గది ఇది. కింద నుంచి లేత్ మిషన్ల మోత వస్తోంది. ఆ స్టూలు లాక్కుని బల్ల దగ్గర కూర్చోండి. ముందు ఆ రిస్టు పట్టీ మణికట్టుకు పెట్టుకోండి, దాని తీగ ఎర్తుకు కలిపి ఉంది. మీ చొక్కా మీద పోగైన స్టాటిక్ ఒక్కసారి చిటుక్కుమంటే మీ ముందున్న బోర్డులో ఏదో ఒక చిప్పు పోతుంది. పైకి మాత్రం ఏమీ కనబడదు.

బోర్డు అరచేతిలో ఇమిడేంత ఉంది. నిన్ననే అసెంబ్లీ నుంచి వచ్చింది. మధ్యలో 15 మిల్లీమీటర్ల నల్ల చదరం ఉంది చూశారా? అది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల ఏఎం3358. లోపల 1 గిగాహెర్ట్జ్ దాకా పరుగెత్తే ఆర్మ్ కార్టెక్స్-ఏ8 కోర్. దాని కింద 324 సోల్డర్ గుండ్లు ఉన్నాయి, ఒక్కటీ కంటికి కనబడదు. అన్నీ సరిగా అతుక్కున్నాయో లేదో ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది.

బల్లకు అటువైపు ఇద్దరున్నారు. సర్క్యూట్ గీసి లేఅవుట్ వేసిన పెద్దాయన ఒకరు. సాఫ్ట్‌వేర్ రాసే అమ్మాయి ఒకరు. ఈ బోర్డు పాలకేంద్రం కోసం. రైతు తెచ్చిన పాలను తూచి, ఫ్యాట్ మిషన్ నుంచి రీడింగు తీసుకుని, రేటు కట్టి చీటీ ఇచ్చే పెట్టెలో కూర్చోవాలి. పాత పెట్టెలో ఉన్నది 8051. ఇంటెల్ 1980లో తెచ్చిన ఆ 8 బిట్ల చిప్పులో ర్యామ్ 128 బైట్లు, ప్రోగ్రాముకు 4 కిలోబైట్లు. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెడితే ఒక మెషిన్ సైకిల్‌కు సరిగ్గా ఒక మైక్రోసెకను. ఆయన దానితో ఏళ్ల తరబడి బండి లాగించాడు. ఏ ఇన్‌స్ట్రక్షన్ ఎప్పుడు నడుస్తుందో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలడు.

మరి ఎందుకు మార్చారు? పాలకేంద్రాలు మూడు కోరికలు కోరాయి. టచ్ స్క్రీన్ కావాలి. లెక్కలు ఎప్పటికప్పుడు 4జీలో వెళ్లాలి. చీటీ తెలుగులో రావాలి. ఈ మూడో కోరిక చిన్నదిగా కనబడుతుంది, 8051ను పక్కన పెట్టించింది మాత్రం అదే. తెలుగు అక్షరాలను వరుసగా పేర్చితే సరిపోదు. వత్తు కిందికి దిగాలి, గుణింతం తలకట్టును మార్చాలి. ఫాంటే వందల కిలోబైట్లుంటుంది. ఏ గుర్తు ఎక్కడ కూర్చోవాలో తేల్చడానికి హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజిన్ ఉండాలి. 128 బైట్లలో ఇవేవీ పట్టవు. అందుకే లైనక్స్, అందుకే ఈ నల్ల చదరం.

భూతద్దం తీసుకుని ప్రాసెసర్ పక్కనున్న మెమరీ చిప్పు వైపు చూడండి. రెంటి మధ్య గీతలు తిన్నగా లేవు, మెలికలు తిరిగాయి. తీరుబడిగా వేసిన ముగ్గు కాదది. ఈ డీడీఆర్3 మెమరీ 400 మెగాహెర్ట్జ్ క్లాకు మీద, క్లాకు ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి సమాచారం పంపుతుంది. అంటే ఒక బిట్టుకు దొరికే వేళ 1.25 నానోసెకన్లు. రాగి గీతలో సిగ్నల్ మిల్లీమీటరు దూరానికి సుమారు ఆరేడు పికోసెకన్లు తీసుకుంటుంది. ఒక గీత పొట్టిగా, పక్కది సెంటీమీటరు పొడవుగా ఉంటే ఆ బిట్టు వేళలో ఇరవయ్యో వంతు అక్కడే పోతుంది. అందుకని పొట్టి గీతలకు మెలికలు పెట్టి పొడవులు సమం చేస్తారు. 8051 బోర్డును ఆయన రెండు పొరల్లో, ఒక మధ్యాహ్నంలో గీసేవాడు. దీనికి ఆరు పొరలు పట్టాయి.

"ఇద్దామా అమ్మా కరెంటు?"

"ఆగండి సార్, లిమిట్ పెట్టలేదు."

ఆ అమ్మాయి పవర్ సప్లైలో 5 వోల్టులు, 300 మిల్లీయాంపుల హద్దు పెట్టింది. ఎక్కడైనా షార్టుంటే సప్లై తనంతట తానే తగ్గిపోతుంది, చిప్పు కాలదు. ఆయన ఆసిలోస్కోప్ ప్రోబులు పట్టుకున్నాడు. పాత చిప్పుకు ఒకే ఒక 5 వోల్టుల లైను. ఈ ప్రాసెసర్‌కు 1.1, 1.5, 1.8, 3.3 వోల్టులు వేర్వేరుగా, అదీ ఒక వరుసలో కావాలి. గడియారం భాగానికి వెళ్లే 1.8 వోల్టులు ముందు లేవాలి, కోర్‌కు వెళ్లే 1.1 చివర లేవాలి. వరుస తప్పితే చిప్పు లోపల అనుకోని దారుల్లో కరెంటు పారుతుంది. ఆ వరుస చూసుకునేందుకే పక్కన టీపీఎస్65217 అనే పవర్ చిప్పు పెట్టారు.

స్విచ్ పడింది. స్కోప్ తెర మీద గీతలు ఒకటొకటిగా లేచాయి. చివరికి రీసెట్ లైను పైకెక్కింది. కరెంటు వంద చిల్లర మిల్లీయాంపుల దగ్గర నిలిచింది. ఆయన చిప్పు మీద వేలు పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉంది.

ఇప్పుడు అమ్మాయి ల్యాప్‌టాప్ వైపు తిరగండి. సీరియల్ కేబుల్ పెట్టి, 115200 వేగంతో టెర్మినల్ తెరిచింది. మొదట ఏమీ లేదు. కాసేపటికి ఒక ఇంగ్లీషు అక్షరం పడింది: సి. ఇంకో సి. తర్వాత ఆగకుండా సి సి సి సి.

ఇద్దరి మొహాలూ విప్పారాయి. ఈ అక్షరాన్ని ఆమె రాయలేదు, ఆయన రాయలేదు. ఫ్యాక్టరీలోనే చిప్పు లోపల ముద్రించిన బూట్ రోమ్ మాట్లాడుతోంది. బోర్డు మీది ఫ్లాష్ మెమరీ ఈఎంఎంసీలో వెతికింది, ఏమీ దొరకలేదు. ఎస్‌డీ కార్డు పెట్టలేదు. ఇక సీరియల్ లైన్లోనైనా ఎవరైనా ప్రోగ్రాము పంపుతారేమోనని ఎక్స్‌మోడెమ్ పద్ధతిలో పిలుస్తోంది. ఆ ఒక్క అక్షరం వచ్చిందంటే కరెంటు వరుస, క్రిస్టల్, రీసెట్, కోర్ అన్నీ సరే అన్నమాట.

ఆమె ఎస్‌డీ కార్డు పెట్టి మళ్లీ స్విచ్ వేసింది. ఇక్కడ నెమ్మదిగా చూడండి, పెద్ద ప్రాసెసర్ గుట్టంతా ఈ కొద్ది సెకన్లలోనే ఉంది. 8051లో స్విచ్ వేస్తే మొదట నడిచేది మీ కోడే. ఇక్కడ మీ కోడు వంతు వచ్చేసరికి ఇతరులు రాసిన మూడు నాలుగు ప్రోగ్రాములు నడిచిపోతాయి. డీడీఆర్ మెమరీ ఇంకా మేలుకోలేదు కాబట్టి రోమ్ దాన్ని వాడలేదు. చిప్పు లోపలున్న కాస్త ర్యామ్‌లోకే కార్డు నుంచి ఒక చిన్న ప్రోగ్రామును ఎక్కిస్తుంది. దాని పేరు ఎస్‌పీఎల్. పరిమాణం 109 కిలోబైట్లు దాటకూడదు. ఎస్‌పీఎల్ క్లాకులు సరిచేసి, డీడీఆర్‌ను మేల్కొలిపి, అందులోకి అసలు బూట్‌లోడర్ యు-బూట్‌ను తెస్తుంది. యు-బూట్ కెర్నల్‌ను తెస్తుంది. ఒక్కొక్కటీ తర్వాతి దానికి చోటు సిద్ధం చేసి తప్పుకుంటుంది.

యు-బూట్ బ్యానర్ వచ్చింది. ఆమె సంబరపడకుండా మెమరీ టెస్టు మొదలుపెట్టింది. హెక్స్‌లో 80000000 దగ్గర మొదలయ్యే డీడీఆర్‌లో ఒక్కో చిరునామాకూ ఒక విలువ రాసి, తిరిగి చదివి పోల్చడమే ఆ టెస్టు. కాసేపు బాగానే నడిచింది. తర్వాత తేడాలు వరసగా పడ్డాయి. అన్నీ ఒకే బైటులో.

"సెట్టింగులు ఎక్కడివమ్మా?"

"బీగల్‌బోన్ బ్లాక్‌వి సార్. అదే ప్రాసెసర్ కదా అని."

"ప్రాసెసర్ అదే. గీతల పొడవులు మనవి కదా."

ఆయన లేఅవుట్ ఫైల్ తెరిచి క్లాకు గీత పొడవు, స్ట్రోబు గీతల పొడవులు చదివాడు. ఆమె చిప్పు తయారీదారు ఇచ్చిన లెక్కల షీటులో వాటిని వేసింది. సిగ్నల్‌ను ఎంత ఆలస్యంగా అందుకోవాలో చెప్పే నిష్పత్తులు బయటికొచ్చాయి. అవి మొదలు మాత్రమే. జేటాగ్ కేబుల్ పెట్టి, వాటి చుట్టూ విలువలు మార్చుకుంటూ ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఎక్కడ తప్పుతుందో చూసి నట్టనడుమ విలువను ఎంచే ప్రోగ్రాము నడిపింది. కొత్త విలువలతో ఎస్‌పీఎల్ కట్టి మళ్లీ టెస్టు పెట్టారు. తేడాలు లేవు. ఆయన హెయిర్‌డ్రైయర్‌తో మెమరీ మీద వేడి గాలి కొట్టాడు. అప్పుడూ లేవు. ఏప్రిల్ నెలలో రేకుల షెడ్డు కింద ఉండే పాలకేంద్రం ఆయన మనసులో ఉంది.

తర్వాత కెర్నల్. తెర మీద "స్టార్టింగ్ కెర్నల్" అని పడి ఆగిపోయింది. కాఫీ వచ్చింది, చల్లారింది. ఇంకో మాట లేదు.

లైనక్స్ బోర్డులు చేసేవాళ్లందరికీ ఈ నిశ్శబ్దం తెలుసు. కెర్నల్ చచ్చిపోయిందా, బతికే ఉండి మాట వినిపించడం లేదా అన్నది తేల్చాలి. సీరియల్ పోర్టును పాత డ్రైవర్ టీటీవైఓ0 అనేది, కొత్త డ్రైవర్ టీటీవైఎస్0 అంటుంది. ఆమె బూట్ లైన్లో ఒకే ఒక్క అక్షరం మార్చింది. వందల లైన్లు జలజలా రాలాయి. అంతసేపూ కెర్నల్ బతికే ఉంది, లేని పోర్టులో మాట్లాడుతోంది.

ఆ లైన్లలో ఒకచోట మన బోర్డు పేరు కనబడింది. అది డివైస్ ట్రీలోంచి వచ్చింది. పాత రోజుల్లో ఆర్మ్ బోర్డు ఒక్కొక్కదానికి కెర్నల్ లోపలే వేరే కోడు రాసేవారు. ఆ గందరగోళం మీద 2011లో లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా విసుక్కున్నాక, ఆర్మ్ ప్రపంచం బోర్డు వివరాలను కెర్నల్ బయట ఒక ఫైల్లో పెట్టే పద్ధతికి మళ్లింది. ఏ పోర్టు ఎక్కడుంది, ఏ తీగ ఏ పని చేస్తుంది అన్నీ అందులో రాయాలి. ఈ చిప్పులో ఒక్కో కాలుకు ఎనిమిది దాకా పాత్రలుంటాయి. ఒకే కాలు డిస్‌ప్లే తీగ కావచ్చు, సీరియల్ తీగ కావచ్చు, మోడ్ 7లో ఉత్త అవుట్‌పుట్ కావచ్చు. ఆయన గీసిన సర్క్యూట్‌నూ ఆమె రాసిన ఫైల్‌నూ ఇద్దరూ కలిసి కాలు కాలుకూ సరిచూశారు.

మధ్యాహ్నం దాటాక డిస్‌ప్లే తగిలించి స్విచ్ వేశారు. తెర వెలగలేదు. అంతకంటే వింతగా, పొద్దుటి నుంచీ చక్కగా పలికిన సీరియల్ లైన్లో చెత్త పడింది. ప్రశ్నార్థకాలు, చదరాలు, అర్థంలేని గుర్తులు నాలుగు పడి అదీ ఆగిపోయింది. డిస్‌ప్లే పీకితే అంతా మామూలే. పెడితే చెత్త.

డిస్‌ప్లేకూ సీరియల్‌కూ సంబంధమేమిటి? మీరే ఆలోచించండి, రెంటికీ ఒక్క తీగ కూడా ఉమ్మడిగా లేదు. ఆమె సాఫ్ట్‌వేర్ వెతకబోయింది. ఆయన "ఉండమ్మా" అని స్కోప్ ప్రోబు సీరియల్ కాలు మీద పెట్టి ఒక బిట్టు వెడల్పు కొలిచాడు. 115200 వేగంలో అది 8.7 మైక్రోసెకన్లుండాలి. తెర మీద 6.9 ఉంది.

కాగితం మీద భాగించాడు. వేగం 144000. ఉండాల్సిన దానికి ఒకటింబావు రెట్లు. 24ను 19.2తో భాగించినా అదే వస్తుంది.

ఇద్దరూ ఒకేసారి మాన్యువల్ వైపు వంగారు. బోర్డు మీద క్రిస్టల్ 24 మెగాహెర్ట్జ్. ఆ సంగతి చిప్పుకు చెప్పేది రెండు కాళ్లు. రీసెట్ వదిలే క్షణంలో వాటి మీద ఒకటుందా సున్నా ఉందా అని చిప్పు చదువుకుంటుంది. సున్నా ఒకటి అని ఉంటే 24, రెండూ సున్నాలైతే 19.2. ఆ బూట్ కాళ్లూ డిస్‌ప్లే డేటా కాళ్లూ ఒకటే. రీసెట్ సమయంలో బూట్ సంగతులు చెబుతాయి, తర్వాత బొమ్మ మోస్తాయి. ఆ రెండింటిలో ఒకటిగా ఉండాల్సిన కాలును, అంటే డిస్‌ప్లే డేటా 14ను, ఆయన 100 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో 3.3 వోల్టులకు లాగి ఉంచాడు. డిస్‌ప్లే ప్యానెల్ లోపల అదే తీగను కిందికి లాగే ఇంకో రెసిస్టరుంది. మల్టీమీటరు పెడితే 1.2 వోల్టులు చూపించింది. 0.8 కంటే తక్కువైతే కచ్చితంగా సున్నా, 2.0 దాటితే కచ్చితంగా ఒకటి. ఇది నడుమ వేలాడుతోంది. చిప్పు దాన్ని సున్నాగా చదివి, తన క్రిస్టల్ 19.2 అనుకుని, అన్ని క్లాకులనూ పావు వంతు ఎక్కువ పరుగెత్తించింది. పైకి కనబడ్డది సీరియల్ చెత్త. లోపల మెమరీ కూడా 500 మెగాహెర్ట్జ్ మీద ఆయాసపడి పడిపోయింది.

ఆయన సోల్డరింగ్ ఐరన్ తీసుకుని ఆవగింజంత 100 కిలోఓమ్‌ల రెసిస్టరును లేపి 10 కిలోఓమ్‌లది పెట్టాడు. మీటరు 2.8 చూపించింది. స్విచ్ వేస్తే సీరియల్ సరిగా పలికింది, కాసేపటికి తెర వెలిగింది. ఆమె పరీక్షకని పెట్టుకున్న మాట "కొవ్వు శాతం" తెర మీదకు వచ్చింది. వత్తు కిందికి దిగింది, కొమ్ము దాని స్థానంలో ఉంది. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి దగ్గరగా చూసి, "మా పాత పెట్టెలో ఇంగ్లీషులో ఫ్యాట్ అని వేసేవాళ్లం" అన్నాడు.

ఇక తూకం. లోడ్‌సెల్ నుంచి వచ్చే చిన్న వోల్టేజీని 24 బిట్ల అంకెగా మార్చేది హెచ్ఎక్స్711 అనే చౌక చిప్పు. దాని క్లాకు తీగ మీద ఒక్కో పల్సు ఇస్తే ఒక్కో బిట్టు చేతికిస్తుంది. ఆమె లైనక్స్ మీద నాలుగు లైన్ల ప్రోగ్రాము రాసి, తూనిక మీద అయిదు కిలోల రాయి పెట్టింది. అయిదు కిలోలు చూపించింది. 4జీలో డేటా పంపడం మొదలుకాగానే ఉన్నట్టుండి అర్థంలేని అంకె వచ్చింది. మళ్లీ అయిదు. మళ్లీ పిచ్చి అంకె.

"పాత పెట్టెలో ఇదే చిప్పు సార్. ఎప్పుడైనా ఇలా చేసిందా?"

"ఒక్కసారీ చెయ్యలేదు."

ఆయన స్కోప్‌కు ఒక షరతు పెట్టాడు: క్లాకు తీగ 60 మైక్రోసెకన్లకు మించి పైనే ఉంటే పట్టుకో. డేటా షీటులో ఆ అంకె ఉంది. అంతసేపు పైనుంటే హెచ్ఎక్స్711 తనను ఆపేశారనుకుని నిద్రపోతుంది. స్కోప్ పట్టుకుంది. సన్నటి పల్సుల వరుసలో ఒకటి మాత్రం వందల మైక్రోసెకన్లు సాగి ఉంది. ఆమె ప్రోగ్రాము తీగను పైకెత్తింది, దించేలోగా కెర్నల్ ఆమె ప్రోగ్రామును పక్కన పెట్టి మోడెమ్ పని చూసుకుని వచ్చింది.

12 మెగాహెర్ట్జ్ చిప్పు తప్పకుండా చేసిన పనిని 1 గిగాహెర్ట్జ్ చిప్పు తప్పుతోంది. మీకు విడ్డూరంగా ఉందా? ఆయన నవ్వి అన్నాడు: "ఎక్స్‌ప్రెస్ బస్సు వేగంగా పోతుందమ్మా. మన స్టాపులో ఏడింటికే ఆగుతుందని మాత్రం ఎవరూ మాటివ్వరు." లైనక్స్ ఎన్నో పనులను కలిపి త్వరగా ముగిస్తుంది. ఏ పని ఏ క్షణాన మొదలవుతుందో మాటివ్వదు. కెర్నల్‌లో ఈ చిప్పుకు సిద్ధంగా డ్రైవరుంది. దాన్ని రాసినవాళ్లకూ ఈ 60 మైక్రోసెకన్ల బాధ తెలుసు. పల్సు పైనున్నంతసేపు ఇంకో పని చొరబడకుండా ఆపుతారు. అయినా ఇంటరప్టులు వస్తూనే ఉంటాయి.

అదే నల్ల చదరంలో కార్టెక్స్ పక్కన పీఆర్‌యూ అనే చిన్న కోర్లు రెండున్నాయి. వేగం 200 మెగాహెర్ట్జ్. మామూలు ఇన్‌స్ట్రక్షన్ ఒక్కొక్కటి సరిగ్గా 5 నానోసెకన్లు. ఆపరేటింగ్ సిస్టమ్ లేదు, ఎవరూ వచ్చి ఆపరు. ఒక్కోదానికి ప్రోగ్రాము చోటు 8 కిలోబైట్లే. ఆమె తలెత్తి అడిగింది, "కానీ సార్, పీఆర్‌యూ నేరుగా పట్టుకునే కాళ్లు కొన్నే ఉంటాయి కదా?"

"మోడ్ 5, మోడ్ 6 చూడు. ఆ రెండు తీగలు ఊరికే అక్కడ పెట్టలేదు."

8051 మీద అలవాటైన అనుమానంతో, తూకం తీగలను లేఅవుట్ రోజునే ఆ కాళ్ల మీదకు తెచ్చాడాయన. ఆమె డివైస్ ట్రీలో మోడ్ మార్చింది. పీఆర్‌యూకు చిన్న ప్రోగ్రాము రాసింది: పల్సులివ్వు, 24 బిట్లు కూర్చు, రెండు వైపులకూ కనబడే మెమరీలో పెట్టు. కార్టెక్స్ తనకు తీరికైనప్పుడు వచ్చి తీసుకుంటుంది. మోడెమ్ నడుస్తుండగా, తెర మీద వేళ్లు రాస్తుండగా స్కోప్ అదే షరతుతో కాపు కాసింది. ఏమీ దొరకలేదు.

సాయంత్రానికి మిగిలింది కరెంటు పీకే పని. పల్లెలో ఉదయం పాలు పోసే వేళకే కరెంటు పోతుంది. పాత పెట్టె స్విచ్ వేయగానే సున్నా చూపేది. ఇది లైనక్స్ లేచి తెర వెలిగేసరికి ఇరవై సెకన్ల దాకా తీసుకుంటోంది. అంతసేపు క్యూలో క్యాన్లు పట్టుకుని ఎవరూ నిలబడరు. ఎస్‌పీఎల్ నేరుగా కెర్నల్‌ను ఎక్కించే ఫాల్కన్ మోడ్ పెట్టాలని, అక్కర్లేని డ్రైవర్లు తీసేయాలని, సిస్టమ్ ఫైళ్లున్న భాగాన్ని చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా చేయాలని ఆమె రాసుకుంది.

ఆయన మాత్రం ప్లగ్ పీకుతూ, పెడుతూ, ప్రతిసారీ చీటీని రికార్డుతో పోల్చుతూ కూర్చున్నాడు. ఒకసారి చేతిలో చీటీ ఉంది, ఈఎంఎంసీలో రికార్డు లేదు. ప్రోగ్రాము ఫైల్లో రాశానంది. కెర్నల్ ఆ రాతను ఇంకా ర్యామ్‌లోనే అట్టిపెట్టింది. ఈలోగా ప్లగ్ పోయింది. 8051లో ఆయన రాసిన బైటు ఈఈప్రామ్‌లో పడ్డాకే తర్వాతి లైను నడిచేది. ఇక్కడ రాయమనడం వేరు, రాసేయడం వేరు.

రెండో బోర్డుకు ఆయన కాగితం మీద రెండు మార్పులు వేశాడు. బూట్ కాళ్లకూ డిస్‌ప్లేకూ మధ్య రీసెట్ అయ్యాకే తెరుచుకునే బఫర్. కరెంటు పోయాక కొన్ని సెకన్లు నిలబెట్టే సూపర్ కెపాసిటర్. ఆమె తన ప్రోగ్రాములో వరుస మార్చింది: రికార్డు రాయి, ఎఫ్‌సింక్ పిలిచి అది ఫ్లాష్‌లోకి చేరిందని జవాబు తీసుకో, ఆ తర్వాతే ప్రింటర్‌కు చీటీ పంపు. ఈ వరుసలో కరెంటు ఎక్కడ పోయినా రైతు చేతికి వచ్చిన చీటీకి లెక్క ఉంటుంది. ఆయన మళ్లీ ప్లగ్ మీద చెయ్యి వేశాడు.